ఊహాలోకపు ద్వంద్వయుద్ధానికి భావికాలపు ఖడ్గాన్ని రూపొందించే విధానం

ఖడ్గం బొమ్మ గీయడానికి ముందే, మీ కథాలోకంలో ద్వంద్వయుద్ధం ఎక్కడ ముగుస్తుందో తేల్చుకోవాలి. ప్రాణం పోయేదాకానా, తొలి నెత్తుటి చుక్క దాకానా, మొన తగిలితే చాలునా అన్న నియమాన్ని బట్టే అలుగు (కత్తి పలక) రూపం మారుతుంది. నేటి ఫెన్సింగ్ క్రీడలో వాడే ఎపే అనే కత్తి మొనపై 750 గ్రాముల బరువుకు సమానమైన ఒత్తిడి పడితేనే, దెబ్బ తగిలినట్టు దీపం వెలుగుతుంది. కత్తి మొత్తం పొడవు 110 సెంటీమీటర్లు మించరాదు. అంతా మొనతోనే తేలుతుంది కాబట్టి ఆ కత్తికి వాదర (పదునైన అంచు) అక్కరలేకపోయింది.

ఉదాహరణకు, మూడు వందల ఏళ్ల తరువాతి నల్గొండ జిల్లా దేవరకొండను ఊహిద్దాం. ఒకప్పుడు రేచర్ల పద్మనాయకులు ఏలిన ఆ గుట్టల మీద, కృష్ణా నీటి వాటాల తగాదాను ఊరికొకరు చొప్పున నిలబడి, తొలి గాయంతో తేల్చుకుంటారనుకుందాం. నడివేసవిలో బండ కాలుతుంది, అరచేయి చెమర్చి జారుతుంది. కనుక పిడికి నున్నటి లోహం పనికిరాదు, నూలు తాడు చుట్టవలసిందే.

తరువాత లెక్క వేయాలి. చాలామంది వదిలేసేది దీన్నే. అలుగు పొడవు 90 సెంటీమీటర్లు, వెడల్పు 2.5 సెంటీమీటర్లు, నడుమ మందం 4 మిల్లీమీటర్లు ఉండి, అడ్డుకోత వజ్రాకారంలో ఉంటే ఘనపరిమాణం 45 ఘన సెంటీమీటర్లు అవుతుంది. ఉక్కుతో చేస్తే బరువు సుమారు 350 గ్రాములు, టైటానియంతో చేస్తే 200 గ్రాములు. టైటానియం తేలికే గాని వాదర నిలవదు కాబట్టి, నా మటుకు నేను ఉక్కునే ఎంచుకుంటాను.

భావికాలం అనగానే అలుగును ఎర్రగా మండించాలనిపిస్తుంది. పిడిలో ఇమిడే 18 మిల్లీమీటర్ల వ్యాసపు లిథియం సెల్లులో సుమారు 36,000 జౌళ్ల శక్తి ఉంటుంది. అదంతా ఒక్క చుక్క వృథా కాకుండా వాడినా, పై ఉక్కు అలుగు వేడి 200 డిగ్రీలకు కాస్త పైన పెరిగి ఆగుతుంది. ఉక్కు మసక ఎరుపుకు రావాలంటే 500 డిగ్రీలు దాటాలి. మొన దగ్గరి 10 సెంటీమీటర్లనే వేడిచేస్తే మాత్రం, నష్టాలు పోను, ఒక పోరులో ఒకటి రెండుసార్లు రాజేయవచ్చు. కథకు కావలసిన బిగువు అక్కడే దొరుకుతుంది: ఎప్పుడు రాజేయాలో యోధురాలే తేల్చుకోవాలి, తొందరపడితే చేతిలో మిగిలేది మామూలు కత్తే. అంత వేడికి మామూలు ఉక్కు మెత్తబడి పదును పోతుంది గనుక, ఆ మొన కోసం ఒక కల్పిత లోహాన్ని సృష్టించుకోండి. కల్పన అక్కడితో ఆగాలి. రెండో కల్పిత లోహం వచ్చిందంటే పాఠకుడు లెక్కను నమ్మడం మానేస్తాడు.

అలంకారం కొద్దిగా చాలు. నల్గొండ దగ్గరి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో పగలంతా కదలని నీడను తలపించేలా, పరుజు (పిడికి ముందుండే చేతి కాపు) మీద ఒక నల్లని నిలువు గీత చెక్కితే స్థానికత దానంతటదే వస్తుంది.

చివరగా, ఒక చెక్క నమూనా చేసి, పిడిలో సెల్లు బరువుకు సరిపడా ఇనుప ముక్క దూర్చి, వేలి మీద నిలిపి చూడండి. తూకం పరుజుకు ముందు 8 నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర నిలిస్తే మొన చురుగ్గా కదులుతుంది. అంతకన్నా ముందుకు పోతే పిడి చివరి గుండును బరువెక్కించి మళ్లీ చూడండి.