మెటా అనాలిసిస్ నేర్చుకుందాం – 4వ పాఠం: ఏ నమూనా, ఎందుకు?

ఒకే ప్రశ్న మీద జరిగిన అధ్యయనాల ఫలితాలను లెక్కగట్టి కలపడమే మెటా అనాలిసిస్. గత పాఠంలో ఒక్కో అధ్యయనం నుంచి ప్రభావ పరిమాణాన్నీ (ఎంత మార్పు వచ్చిందో చెప్పే అంకె), ఆ అంకె ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే వేరియన్స్‌నూ రాసిపెట్టుకున్నాం. వాటిని కలిపే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: ఇవన్నీ ఒకే విలువను కొలిచాయా, లేక దగ్గరదగ్గరగా ఉన్న వేర్వేరు విలువలనా?

ఐదుగురు చార్మినార్ ఎత్తు కొలిస్తే లెక్కల్లో తేడా రావచ్చు గానీ అసలు ఎత్తు ఒక్కటే. ఇది స్థిర ప్రభావ నమూనా. ఉప్పల్‌లో, కూకట్‌పల్లిలో, మెహదీపట్నంలో బోరు వేస్తే మాత్రం నీళ్లు పడే లోతే మారుతుంది కాబట్టి, సగటుతో పాటు ఆ లోతుల చెదురును, అంటే టౌ స్క్వేర్‌ను కూడా అంచనా కట్టాలి. ఇది యాదృచ్ఛిక ప్రభావ నమూనా. బడిపిల్లలకు ఐరన్ మాత్రలిచ్చి హిమోగ్లోబిన్ కొలిచే అధ్యయనాలు ఈ రెండో కోవలోకే వస్తాయి, ఎందుకంటే మోతాదు, వయసు, తిండి, మొదటినుంచీ ఉన్న రక్తహీనత ఎక్కడికక్కడ వేరు.

తేడా అంతా తూకంలో ఉంది. అధ్యయనం తూకం అంటే 1ని దాని వేరియన్స్‌తో భాగిస్తే వచ్చేది; యాదృచ్ఛిక నమూనాలో వేరియన్స్‌కు టౌ స్క్వేర్‌ను కలిపి భాగించాలి. ఒక అధ్యయనం వేరియన్స్ 0.01, ఇంకోదానిది 0.25 అయితే, స్థిర నమూనాలో వాటి తూకాలు 100, 4. టౌ స్క్వేర్ 0.24 అయితే ఆ తూకాలు 4, 2.04 అవుతాయి, అంటే 25 రెట్లున్న ఆధిక్యం రెండింతలకు దిగిపోతుంది.

వేరియన్స్ ఎక్కువుండే చిన్న అధ్యయనాల గొంతు ఇలా పెరగడం అన్నిసార్లూ మేలే చేస్తుందనుకోకూడదు. గుండెపోటులో మెగ్నీషియం ప్రాణాలు కాపాడుతుందని చిన్న ప్రయోగాలు సూచించగా, 58,050 మందితో జరిగి 1995లో వెలువడిన ఐసిస్-4 ప్రయోగంలో ఆ మేలు కనబడలేదు. అన్నిటినీ యాదృచ్ఛిక నమూనాతో కలిపితే మాత్రం ఆ మందు ఇంకా పనిచేస్తున్నట్టే కనిపించింది. అనుకూల ఫలితాలే అచ్చయ్యే చోట ఈ నమూనాను సురక్షితమైనదని నమ్మకూడదని నా గట్టి అభిప్రాయం.

ఐ స్క్వేర్ (ఫలితాల మధ్య తేడాల్లో కేవలం అనుకోకుండా వచ్చినవి కానివి ఎంత శాతమో చెప్పే అంకె) చూశాక నమూనా ఎంచుకునే అలవాటు కూడా మానాలి. అధ్యయనాలు నాలుగైదే ఉన్నప్పుడు అధ్యయనాల మధ్య నిజమైన తేడా ఉందా అని చూసే కాక్రన్ క్యూ పరీక్షకు ఆ తేడాను పట్టే శక్తి తక్కువ. అది మౌనంగా ఉన్నంత మాత్రాన తేడా లేదని కాదు. నమూనాను ప్రణాళికలోనే రాసుకోవాలి. అధ్యయనాలు కొద్దిగా ఉంటే, టౌ స్క్వేర్‌ను అంచనా కట్టే 1986 నాటి డెర్‌సిమోనియన్–లెయర్డ్ పద్ధతి ఇచ్చే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (సగటు విలువ ఉండగల పరిధి) ఉండవలసినదానికంటే ఇరుకుగా వస్తుంది గనుక, ఆ పరిధిని సరిచేసే హార్టుంగ్–నాప్ సవరణతో కూడా లెక్కించి చూడాలి.

అభ్యాసం: వేరియన్స్‌లు 0.04, 0.10, 0.40 అనుకుని, టౌ స్క్వేర్ 0 అయినప్పుడూ 0.10 అయినప్పుడూ తూకాలు కట్టండి. మొదటి అధ్యయనం వాటా 66.7 శాతం నుంచి 50.5 శాతానికి దిగాలి.