మాటలన్నీ తెలుసు, నోటికి మాత్రం రావు: రోజువారీ ఇంగ్లీషులో చిక్కులు, వాటికి విరుగుళ్ళు

విశాఖపట్నం మద్దిలపాలెంలో మా ఇంటి ముందుగదిలో సాయంత్రాలు కొందరికి ఇంగ్లీషు చెబుతుంటాను. రుషికొండ వైపు ఆఫీసుల్లో కొత్తగా చేరినవాళ్ళు, బీచ్ రోడ్డు హోటళ్ళలో రిసెప్షన్ చూసే అమ్మాయిలు, గాజువాక నుంచి షిఫ్టు దిగి తిన్నగా ఇటే వచ్చే ఇద్దరు టెక్నీషియన్లు. వీళ్ళకి ఇంగ్లీషు రాదంటే నేను ఒప్పుకోను. ముందు తెలుగు వాక్యం అనుకుని, దాన్ని ముక్క ముక్కగా మార్చి పలకబోతారు, చిక్కంతా అక్కడే వస్తోంది. ఎక్కువమందిలో కనిపించేవి రాస్తున్నాను, మీది ఏదో చూసుకోండి.

రోజుకి పది పదాలు బట్టీ పట్టాను, అవసరానికి ఒక్కటీ గుర్తురాదు

పదాన్ని అర్థంతో కలిపి నేర్చుకున్నారు గానీ, అది అవసరమయ్యే చోటుతో కలిపి నేర్చుకోలేదు. పుస్తకంలో చిల్లరన్నా చేంజే, మార్పన్నా చేంజే. అయిదువందల నోటు పట్టుకుని నిలబడ్డప్పుడు ఆ పదం ఏ వాక్యంలో పెట్టాలో తోచదు. లిస్టు పక్కన పెట్టి, రోజూ తిరిగే దారి తీసుకోండి. సింహాచలం నుంచి ఆర్కే బీచ్‌కి 28 నంబరు బస్సులో వెళ్ళేవాళ్ళయితే, ఆ బస్సులో మీరు నిజంగా అనే మాటలు మూడే మూడు రాసుకోండి: కొంచెం జరుగుతారా, ఇక్కడ ఎవరైనా ఉన్నారా, అయిదువందలకి చిల్లర ఉందా. వాటి పక్కన "కుడ్ యు మూవ్ ఓవర్ ఎ లిటిల్?", "ఈజ్ దిస్ సీట్ టేకెన్?", "డు యు హావ్ చేంజ్ ఫర్ ఫైవ్ హండ్రెడ్?" అని రాసి, వారంపాటు ఆ బస్సులోనే, ఆ సీటు దగ్గరే మనసులో అనుకోండి. అప్పుడు టేకెన్ అన్నది టేక్, టుక్, టేకెన్ అనే వరసలో కాకుండా కిటికీ పక్క సీటుతో గుర్తుంటుంది.

నేను యెస్ అంటే వాళ్ళకి ఇంకోలా అర్థమవుతోంది

దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఇది చాలామందికి తప్పని కూడా తెలీదు. రిసెప్షన్‌లో పనిచేసే అమ్మాయిని ఒక విదేశీ గెస్టు "యు డోంట్ హావ్ మై బుకింగ్?" అని అడిగాడు. బుకింగ్ లేదు. ఈమె "యెస్ సర్" అంది. ఉందనుకుని ఆయన వెళ్ళి సోఫాలో కూర్చున్నాడు, అరగంట తర్వాత పెద్ద గొడవైంది. "నేను సరిగ్గానే చెప్పాను కదక్కా" అని నా దగ్గర ఏడ్చింది.

తెలుగు లెక్కన ఆమె చెప్పింది సరైనదే. "భోజనం చెయ్యలేదా?" అంటే "అవును, చెయ్యలేదు" అంటాం, అంటే అడిగినవాళ్ళ మాట నిజమేనని ఒప్పుకుంటున్నాం. ఇంగ్లీషుకి అడిగిన తీరుతో పనిలేదు, జరిగింది ఏమిటన్నదే లెక్క. ఉంటే యెస్, లేకపోతే నో. "నో, వి డోంట్ హావ్ ఇట్" అని ఉంటే గొడవే లేకపోను.

విరుగుడు: యెస్ దగ్గరో నో దగ్గరో ఆగిపోకండి, వెనక తోక తగిలించండి, "యెస్, ఐ డిడ్", "నో, ఐ డిడింట్" అని. ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి "డిడింట్ ద బస్ కమ్?", "హావెంట్ యు ఈటెన్?" లాంటివి వరసగా పది అడిగించుకోండి. మొదటి రెండు రోజులు తప్పుతారు, అందరూ తప్పుతారు. "డు యు మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్?" కూడా ఈ కోవలోదే. మైండ్ అంటే ఇక్కడ అభ్యంతరం, కాబట్టి కూర్చోమనాలంటే "నో, గో అహెడ్" అనాలి.

మర్యాదగానే అడిగాను, కసిరినట్టుంది అన్నారు

మన మర్యాద క్రియ చివర ఉంటుంది. "నీళ్ళివ్వండి"లో ఆ "అండి" చాలు. "గివ్ మీ వాటర్" అనేసరికి అది రాలిపోయి "నీళ్ళివ్వు" మిగులుతుంది. ఆ లోటు పూడ్చడానికి మాటమాటకీ సర్ అంటారు, దానివల్ల పని జరగదు. తెలుగులో అండి వచ్చిన ప్రతిచోటా ఇంగ్లీషులో వాక్యం మొదట్లో "కుడ్ యు" గానీ "కెన్ ఐ హావ్" గానీ పెట్టండి. "కెన్ ఐ హావ్ సమ్ వాటర్, ప్లీజ్?"

ఇంగ్లీషు మాటే వాడాను, అయినా అర్థం కాలేదు

అవి మనం తెచ్చుకుని మన అర్థం ఇచ్చుకున్న మాటలు. మనం కవర్ అనేది వాళ్ళకి ప్లాస్టిక్ బ్యాగ్, క్యారేజీ వాళ్ళకి లంచ్ బాక్స్, కరెంటు పోతే "ద పవర్ ఈజ్ అవుట్". హోటల్ అంటే బస చేసేది, తినడానికైతే రెస్టారెంట్. తెలుగులో వీటిని మార్చుకోవక్కర్లేదు, అవి మన మాటలే ఇప్పుడు. అలాగే కళ్ళు తిరుగుతున్నాయని చెప్పాలంటే కళ్ళ జోలికి పోకుండా "ఐ ఫీల్ డిజీ" అనండి.

సిన్స్, ఫర్ కలిసిపోతున్నాయి

మనకి రెండిటికీ "నుంచి" ఒక్కటే. మొదలైన రోజో సంవత్సరమో చెబితే సిన్స్, ఎంతకాలమో చెబితే ఫర్. మా దగ్గర కురుసుర సబ్‌మెరైన్‌తో నేర్పుతాను: నేవీలో "ఫర్ 31 ఇయర్స్" పనిచేసింది, మ్యూజియంగా బీచ్ ఒడ్డున "సిన్స్ 2002" ఉంది.

చదివితే తెలుస్తుంది, వింటే తెలీదు

మనం మాత్రం "ఏమి చేస్తున్నావు" అని విడివిడిగా అంటామా? "ఏంచేస్తన్నావ్" అనేస్తాం. వాళ్ళూ "వాట్ ఆర్ యు"ని "వాటర్యూ" చేసేస్తారు. అర నిమిషం ఆడియో తీసుకుని, విన్నది విన్నట్టు రాసి, అసలు వాక్యంతో పోల్చుకోండి. అంతకంటే పొడుగు వద్దు.

అన్నీ వచ్చు, ఎదుట మనిషి ఉంటే మైండ్ బ్లాంక్

టెన్షన్‌లో కొత్త వాక్యం కట్టడం ఎవరివల్లా కాదు. కట్టి ఉంచినవి కావాలి: "సారీ, కుడ్ యు సే దట్ అగైన్?", "గివ్ మీ ఎ సెకండ్", "లెట్ మీ చెక్ అండ్ టెల్ యు". గాజువాక తమ్ముడొకడు వీటిని చీటీ మీద రాసి ఫోను వెనక కవర్లో పెట్టుకున్నాడు, ఆఫీసు కాల్ వచ్చేముందు తీసి ఒకసారి చూసుకుంటాడు. మీరూ ఈ మూడింటితోనే మొదలుపెట్టండి, మిగతావి తర్వాత.