థర్మోస్టాట్ మారుస్తారు సరే, ప్రోబ్ ఎక్కడుందో చూశారా?

గెకో అనే పెంపుడు బల్లిని సాకేవాళ్ళు నెలకి ఒకరిద్దరు నాకు ఇదే ఫోటో పంపిస్తారు. ట్యాంకు వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ డిస్‌ప్లే మీద 90, కింద ఒక మెసేజ్: "అన్నా, టెంపరేచర్ కరెక్ట్‌గానే ఉంది, గెకో మాత్రం పది రోజులుగా తినట్లేదు, ఏదైనా మంచి థర్మోస్టాట్ చెప్పండి." చెప్తాను, కానీ ఆ 90 ఎక్కడిదో ముందు మీరు చెప్పండి. వేడిని కొలిచే వైరు మొన, అంటే ప్రోబ్, ఉన్నది నేల మీదా, గాలిలోనా, అద్దం వెనకా? చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు.

డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో లెపర్డ్ గెకోలు బాగానే ఉన్నాయి. కుక్క వద్దంటే పిల్లలు బేరమాడి బేరమాడి చివరికి దీని దగ్గర ఆగుతారు. బల్లి మీద పడితే నెత్తిన నీళ్ళు గుమ్మరించేసిన మా అమ్మమ్మ, నేను పురుగుల డబ్బా పట్టుకుని బల్లిని బతిమాలడం చూసుంటే ఏమనేదో. సరే, ట్యాంకులో ఒక పక్క వేడి, ఒక పక్క చల్లన ఉండాలన్న సంగతి తెలిసినవాళ్ళ కోసమే ఇది. సంఖ్యలన్నీ ఫారన్‌హీట్‌లోనే చెప్తున్నాను, ఇక్కడి పరికరాలన్నీ అందులోనే చూపిస్తాయి కాబట్టి.

సమస్య: డిస్‌ప్లేలో నంబరు బాగుంది, గెకో మాత్రం డల్‌గా ఉంది

టెంపరేచర్ గన్ తీసుకుని వేడి పక్క గూడు లేపి, సరిగ్గా నేల మీద చూడండి. కరోనా టైంలో నుదుటికి పెట్టిన గన్ పనికిరాదు, అది మనిషి ఒంటి వేడికి తగ్గట్టు లెక్క మార్చి చూపిస్తుంది. హార్డ్‌వేర్ షాపులో ఇరవై డాలర్లకి అటూఇటూగా దొరికేది కొనండి. రెండొందలు పెట్టి ట్యాంకు కొన్నవాళ్ళు ఈ ఇరవై దగ్గర ఎందుకు వెనకాడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పొట్ట ఆనే చోట 88 నుంచి 92 ఉండాలి, అంటే సుమారు 31-33 సెల్సియస్. ఇవి ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్, మన వాయవ్య భారతం వైపు రాతినేలల్లో బతికే జీవులు, ఒంటికి సరిపడా వెచ్చదనం తగలకపోతే తిన్నది సరిగ్గా అరగదు, అరగకపోతే మళ్ళీ తినవు. థర్మోస్టాట్ 90 అంటుంటే గన్ 80 చూపిస్తోందా? ఎక్కువసార్లు కారణం హీట్ మ్యాట్ (అడుగు అద్దం కింద పెట్టే, కరెంటుతో వేడెక్కే పలచని పట్టీ) ఉన్న చోట రెండంగుళాలు పోసిన మట్టి. ఆ మట్టి దుప్పటిలా పనిచేసి వేడిని కిందే ఆపేస్తుంది. ఇక్కడ అందరూ చేసే తప్పు, సెట్టింగ్‌ని 90 నుంచి 100కి పెంచేయడం. పైన వెచ్చబడుతుంది నిజమే, కానీ గెకో ఊరుకోదుగా, ఒక రాత్రి తవ్వుకుంటూ కాలుతున్న అడుగు అద్దం దాకా వెళ్ళి అక్కడే పడుకుంటుంది. మట్టి పక్కకి తీసేసి ఒక పలచని టైలు వేయండి, సెట్టింగ్ జోలికి పోకండి.

సమస్య: పొద్దున చెయ్యి పెడితే నేల మండిపోతోంది

దీని దగ్గర కాస్త ఆగుతాను, నాకు ఒకసారి తగిలింది కాబట్టి. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సాస్‌లో లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది కదా, అది తిరిగి వచ్చిన రాత్రి సంగతి. ఇల్లు ఇంకా వెచ్చబడలేదు. ట్యాంకు లోపల అద్దానికి సక్షన్ కప్‌తో ప్రోబ్ అతికించి ఉంది, డబ్బాలో ఇచ్చిన కప్పే. చలికి ఆ రబ్బరు బిగుసుకుపోయి ఊడిపోయింది, ప్రోబ్ వెళ్ళి చల్లటి పక్క నీళ్ళ గిన్నె వెనకాల పడింది. ఇప్పుడు థర్మోస్టాట్ వైపు నుంచి ఆలోచించండి. దానికి తెలిసింది ప్రోబ్ మొన ఒక్కటే, ఆ మొన దగ్గర 61. నేను సెట్ చేసింది 90. కాబట్టి తెల్లవార్లూ హీట్ మ్యాట్‌ని ఫుల్లుగా ఆన్‌లో పెట్టింది. తన డ్యూటీ తాను చేసింది పాపం, దానికి అంతకంటే ఏం తెలుస్తుంది? పొద్దున గన్ పెడితే నేల 117. మా గెకో తెలివిగా వచ్చి నీళ్ళ గిన్నె అంచు మీద కూర్చుంది, అయినా పొట్ట కింద రూపాయి బిళ్ళంత మేర ఎర్రగా కమిలింది. వేడి నేల మీద కాలుతున్నా ఇవి వెంటనే లేచి పోవు, అక్కడే ఉండిపోతాయి. వెటర్నరీ డాక్టరు దగ్గరికి మూడుసార్లు తిరిగాం.

ఇందులో నన్ను ముంచింది ఏంటంటే, బయటికి తప్పు ఎక్కడా కనపడదు. ఎర్ర లైటు లేదు, అలారం లేదు. చలికాలం కదా, హీటర్ ఎక్కువసేపు వెలుగుతోందిలే అనుకుంటాం. మట్టి తవ్వేటప్పుడు గెకో వైరు లాగేసినా, ట్యాంకు తుడిచేటప్పుడు మనమే ప్రోబ్‌ని పక్కకి తోసినా ఇదే జరుగుతుంది.

ఇప్పుడు నేను చేసే పద్ధతి ఇది. అడుగు అద్దానికి బయటి నుంచి మ్యాట్ ఉంటుంది కదా, దానికీ అద్దానికీ మధ్య ప్రోబ్ మొన దూర్చి, మీద అల్యూమినియం ఫాయిల్ టేపు వేస్తాను. మామూలు ప్లాస్టిక్ టేపు జిగురు వేడికి కరిగి జారిపోతుంది. ట్యాంకు లోపల మాత్రం ఏ టేపూ వద్దు, గెకో చర్మం అంటుకుంటే ఊడబీకడం నరకం. వైరుని ట్యాంకు అంచుకి ఇంకోచోట కూడా కట్టేయండి, ఎవరి కాలైనా తగిలితే లాగుడు అక్కడే ఆగాలి, మొన దాకా రాకూడదు. ప్రోబ్ అద్దం బయట ఉంది కాబట్టి దాని నంబరూ లోపలి నేల నంబరూ ఒకటి కావు. మా ట్యాంకులో లోపల 90 రావాలంటే థర్మోస్టాట్‌లో 96 పెట్టాలి. మీకు ఎంతో గన్‌తో మీరే చూసుకోవాలి, నా 96 తీసుకెళ్ళి మీ ట్యాంకులో పెట్టకండి. గన్ కొట్టేటప్పుడు మెరిసే టేపు మీద కొట్టకండి, తప్పు చూపిస్తుంది.

ఇంకో రెండు నిమిషాల పరీక్ష ఉంది, టేపు వేసే ముందే చేసేయండి. గ్లాసు నిండా చితక్కొట్టిన ఐసు, కొంచెం నీళ్ళు, బాగా కలిపి ప్రోబ్ మొన ముంచండి. 32 చూపించాలి. 36 చూపిస్తే నాలుగు డిగ్రీల తేడా, కాలిబ్రేషన్ మెనూ ఉంటే సరిచేయండి, లేకపోతే ఆ తేడా కాగితం మీద రాసి ట్యాంకుకి అంటించండి. తర్వాత సెట్టింగ్ 80కి దించి ప్రోబ్‌ని గుప్పిట్లో పట్టుకోండి, చేతి వేడికి కాసేపట్లో టిక్‌మని హీటర్ ఆగాలి. టిక్‌మంది కానీ మ్యాట్ వేడి తగ్గట్లేదంటే లోపల రిలే, అంటే కరెంటు ఆపే స్విచ్, ఇరుక్కుంది. బాగుచేసే పని పెట్టుకోకుండా పారేయండి.

సమస్య: బల్బు మాటిమాటికీ వెలిగి ఆరుతోంది, నెలకొకటి మాడిపోతోంది

థర్మోస్టాట్ పాడవలేదు, మీరు కొన్న రకమే తప్పు. ఆన్-ఆఫ్ రకం హీట్ మ్యాట్‌కి హాయిగా సరిపోతుంది. వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే సిరామిక్ హీటర్‌కి పల్స్ రకం (కరెంటుని చిన్న చిన్న విడతల్లో ఇచ్చేది) బాగుంటుంది. వెలుగిచ్చే వేడి బల్బుకి మాత్రం డిమ్మింగ్ రకమే కావాలి, అది బల్బుని ఆర్పకుండా వెలుగు తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. యూవీబీ లైటుని (అతినీలలోహిత కిరణాలిచ్చేది) వీటిలో దేనికీ తగిలించకండి, దానికి టైమర్ చాలు. సిరామిక్ హీటర్‌ని ప్లాస్టిక్ హోల్డర్‌లో పెట్టినవాళ్ళని కూడా చూశాను, హోల్డర్ కరిగి కారుతుంటే నాకు వీడియో కాల్ చేశారు. పింగాణీ హోల్డర్ వాడండి.

వైరు మధ్యలో గుండ్రటి నాబ్ ఉండేది థర్మోస్టాట్ కాదు, ఉత్త డిమ్మర్. అక్టోబరులో తిప్పి పెట్టిన నాబ్‌కి జులైలో గది ఎంత వేడెక్కిందో తెలియదు. షాపుల్లో రెండూ ఒకే అరలో పెడతారు, అదే గొడవ.

సమస్య: అసలు వేడే రావట్లేదు

పవర్ స్ట్రిప్ స్విచ్ ఆన్‌లో ఉందా? నవ్వకండి, అడిగిన పదిమందిలో ఇద్దరిది అదే. తర్వాత మెనూలోకి వెళ్ళి హీట్ మోడ్‌లో ఉందో కూల్ మోడ్‌లో ఉందో చూడండి. కొన్ని చవక కంట్రోలర్లు డబ్బాలోంచే కూల్ మోడ్‌లో వస్తాయి, వాటితో ట్యాంకు చల్లబడే కొద్దీ హీటర్ ఆఫ్‌లోనే ఉంటుంది. కరెంటు పోయి వచ్చాక సెట్టింగ్ మర్చిపోయేవీ ఉన్నాయి, ఒకసారి ప్లగ్ పీకి పెట్టి చూస్తే తేలిపోతుంది.

కొనేటప్పుడు నేను చూసేవి మూడే. ప్రోబ్ తెగినా ఊడినా హీటర్ని తనే ఆపాలి, వేడి మితిమీరితే అలారం మోగాలి, మోయగల వాట్లు మన హీటర్ వాట్ల కంటే బాగా ఎక్కువ ఉండాలి. ప్రోబ్ పక్కకి పడిపోవడాన్ని మాత్రం ఖరీదైనవి కూడా చాలావరకు పట్టుకోలేవు, ఎందుకంటే పడిపోయిన ప్రోబ్ కూడా బాగానే పనిచేస్తుంటుంది. ఊరెళ్ళేవాళ్ళు రెండో థర్మోస్టాట్ ఒకటి వరసలో పెట్టుకోండి. గోడ ప్లగ్‌లో అది, దాంట్లో మొదటిది, దాంట్లో మ్యాట్. రెండోదాన్ని ఐదు డిగ్రీలు ఎక్కువకి సెట్ చేసి, దాని ప్రోబ్‌ని విడిగా అతికించండి. రెండు ప్రోబ్‌లూ ఒకే టేపు కింద ఉంటే ఊడినప్పుడు రెండూ కలిసే ఊడతాయి.

ఇక అరుదైనవి. ఫ్యాన్ గాలి నేరుగా ట్యాంకుకి తగలడం, వైరు లోపలే విరగడం, ఇవి నేను ఇన్నేళ్ళలో చెరొకసారే చూశాను. ఇండియా నుంచి ఒకాయన అడిగింది మాత్రం గుర్తుంది: ఇక్కడి 120 వోల్టుల మ్యాట్‌ని ఎవరో తీసుకెళ్ళి ఇస్తే అక్కడి 230 ప్లగ్‌లో పెట్టారట. వోల్టేజీ రెట్టింపు దాకా పెరిగితే వేడి మూడున్నర రెట్లు దాటిపోతుంది. మ్యాట్ మాడి వాసనొచ్చాక, థర్మోస్టాట్ ఏది మంచిదని అడిగారు.