వైన్ సామాన్లు: ఇంటికి ఏవి కొనాలి, బహుమతిగా ఏవి ఇవ్వాలి?

నల్గొండ ఇళ్ళలోకి వైన్ సీసా ఎలా వస్తుందో చెప్పాల్సిన పని లేదు. విదేశం నుంచి వచ్చే కొడుకో అల్లుడో శంషాబాద్‌లో దిగేటప్పుడు డ్యూటీ ఫ్రీలో తీసుకుంటాడు. మనిషికి రెండు లీటర్ల దాకా తెచ్చుకోవచ్చు కాబట్టి ఒకటికి రెండు సీసాలు వస్తాయి. రాత్రి పొయ్యి మీద మటన్ ఉడుకుతుండగా సీసా బయటికి తీస్తారు. అప్పుడు మొదలవుతుంది వెతుకులాట. స్క్రూడ్రైవర్, మేకు, కూరగాయల కత్తి అన్నీ అయ్యాక, కార్క్‌ను చపాతీ కర్రతో లోపలికి నెట్టి, చాయ్ జాలీలో వడగట్టి, స్టీలు గ్లాసుల్లో పోసుకుంటారు.

మరుసటి వారం రోషంతో ఆన్‌లైన్‌లో చెక్క పెట్టె సెట్టు ఒకటి తెప్పిస్తారు. లోపల ఎర్ర వెల్వెట్, దాంట్లో తొమ్మిదో పదో వస్తువులు. సీసా మెడకు తొడిగే రింగు, గాజు బయటి వేడిని చూపించే థర్మామీటరు, కారే ముక్కు, ఒక నాసిరకం ఓపెనర్. పనికొచ్చేది ఆ చివరిదొక్కటే, అదే నాసిరకం. ఈ సెట్లు ఇంటికీ కొనొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు.

మొదట సీసా మూత చూడండి

మన దేశపు వైన్లలో, ముఖ్యంగా నాసిక్ వైపు నుంచి వచ్చేవాటిలో, చాలావాటికి ఇప్పుడు చేత్తో తిప్పితే వచ్చే మూతే ఉంటుంది. మీరు తాగేవి అవే అయితే ఓపెనర్ ఊసే అక్కర్లేదు, నేరుగా గ్లాసుల దగ్గరికి వెళ్ళండి. తిప్పే మూత అనగానే చవక సరుకని మూతి ముడిచేవాళ్ళుంటారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో మంచి ధర పలికే వైన్లకూ అదే మూత. మన ఎండలకు కార్క్ కన్నా అదే నయం కూడా. బయటి దేశాల సీసాలు వచ్చే ఇల్లయితే మాత్రం కార్క్ తప్పదు, ఓపెనర్ తప్పదు.

ఓపెనర్ కొనడం

అందరూ బోల్తా పడేది ఇక్కడే, కాబట్టి కాస్త నెమ్మదిగా చదవండి.

సీసా మెడ లోపలి వెడల్పు సుమారు 18.5 మిల్లీమీటర్లు. అందులో బిగించే కార్క్ అసలు వెడల్పు 24 మిల్లీమీటర్లు. నొక్కి కుదించి దించిన కార్క్ అది. లోపలికి వెళ్ళాక మళ్ళీ ఉబ్బి గాజును పట్టుకుని కూర్చుంటుంది. దాన్ని బయటికి తేవడానికి కండబలం కాదు, లోపల పట్టు కావాలి. ఆ పట్టు ఓపెనర్ స్క్రూలో ఉంటుంది. పిడి ఇత్తడిదా, చెక్కదా, స్టీలుదా అన్నది ఎవరికీ అవసరం లేని సంగతి. కానీ షాపులో అందరూ పట్టుకుని చూసేది పిడినే.

స్క్రూలు రెండు రకాలు. ఒకటి లావుపాటి కడ్డీ చుట్టూ మర తొలిచినట్టు ఉంటుంది. ఇంకోటి సన్నటి తీగను స్ప్రింగులా చుట్టి సాగదీసినట్టు ఉంటుంది, నడిమధ్యన ఖాళీ. మనకు కావలసింది రెండోది. షాపులో ఒక అగ్గిపుల్ల అడగండి. స్క్రూ కొస వైపు నుంచి చుట్ల మధ్యలో నిలువుగా దూర్చండి. పుల్ల పైదాకా ఆడుతూ వెళ్తే ఆ స్క్రూ మంచిది. మధ్యలో కడ్డీ అడ్డొస్తే అక్కడే పెట్టేసి రండి. కడ్డీ ఉన్నది కార్క్‌ను పట్టుకోదు, బొరియ చేస్తుంది. మీరు లాగితే స్క్రూ ఒక్కటే పొడి పట్టుకుని పైకొస్తుంది, కార్క్ లోపలే ఉంటుంది.

రెండు పక్కలా రెక్కలు లేచే ఓపెనర్లకు ఎక్కువగా ఈ కడ్డీ స్క్రూనే ఉంటుంది. షాపు తమ్ముడు "అన్నా, అందరు గిదే కొంటున్నరు, మస్తు గట్టిగుంటది" అంటాడు. గట్టిగా ఉండేది రెక్కలు, స్క్రూ కాదు. వద్దని చెప్పి వెయిటర్ ఓపెనర్ అడగండి. చాకులా మడిచి జేబులో పెట్టుకునేది. 1882లో కార్ల్ వీంకె అనే జర్మన్ దీనికి పేటెంట్ తీసుకున్నాడు. ఇప్పటికీ హోటళ్ళలో వెయిటర్ల జేబులో ఉండేది ఆ నమూనానే. దాన్ని మించింది ఇంతవరకూ రాలేదని నా గట్టి అభిప్రాయం.

వెయిటర్ ఓపెనర్లలోనూ తేడాలున్నాయి. సీసా అంచుకు ఆనించే కాలు మధ్యలో మడత ఉండి, రెండు మెట్లుగా పనిచేసేదే తీసుకోండి. ఒకే మెట్టు ఉన్నదైతే కార్క్ సగం లేచాక వంకరగా లాగాల్సి వస్తుంది, అప్పుడే అది విరుగుతుంది. స్క్రూకు ఐదు చుట్లు ఉండాలి. కార్క్‌లు 38 నుంచి 49 మిల్లీమీటర్ల దాకా పొడవుంటాయి. నాలుగు చుట్ల పొట్టి స్క్రూ పొడవాటి కార్క్‌లో పైసగాన్నే పట్టుకుంటుంది, కింది సగం సీసాలో ఉండిపోతుంది. స్క్రూ కొస సూదిలా ఉందో లేదో వేలితో తాకి చూడండి. పైన రేకు కోయడానికి చిన్న కత్తి ఉంటుంది. దానికి రంపపు పళ్ళుంటే మేలు. ఇవన్నీ ఉన్న ఓపెనర్ వెయ్యి రూపాయల లోపే వస్తుంది. అంతకు మించి పెట్టేదంతా పిడికే.

కరెంటుతోనో బ్యాటరీతోనో తిరిగే ఓపెనర్లు చేతి కీళ్ళ నొప్పులున్నవాళ్ళకు మంచివే, మిగతావాళ్ళకు అనవసరం. సూది గుచ్చి గాలి కొట్టి కార్క్‌ను లేపే రకం మాత్రం ఎవరికీ వద్దు. సీసాలో ఎక్కడైనా సన్నటి పగులుంటే చేతిలోనే పగిలే ప్రమాదముంది.

ఓపెనర్ వాడటం

మంచిది కొని చెడ్డగా వాడేవాళ్ళే ఎక్కువ. రేకును సీసా మూతి దగ్గరి ఉబ్బెత్తు రింగుకు కింద కోయండి, పైన కాదు. పైన కోస్తే పోసేటప్పుడు వైన్ రేకు అంచుకు తగులుతుంది. కార్క్ పైభాగం గుడ్డతో తుడవండి. స్క్రూ కొసను సరిగ్గా మధ్యలో పెట్టి కొంచెం వాల్చి గుచ్చి, మొదటి చుట్టు దిగగానే నిటారుగా చేయండి. మొదటి నుంచీ నిటారుగా గుచ్చితే కొస పక్కకు జారుతుంది.

ఇక తిప్పండి. ఒక్క చుట్టు బయట కనబడేటప్పుడు ఆపేయండి. ఇంకో చుట్టు తిప్పితే పట్టు పెరుగుతుందని అనిపిస్తుంది, తిప్పకండి. కార్క్ పొట్టిదైతే స్క్రూ కిందికి పొడుచుకెళ్ళి వైన్‌లో పొట్టు రాలుతుంది. మొదటి మెట్టును అంచుకు ఆనించి, ఎడమచేత్తో మెట్టునూ సీసా మెడనూ కలిపి పట్టుకుని, పిడిని పైకి ఎత్తండి. కార్క్ సగం లేచాక రెండో మెట్టు ఆనించండి. చివరి అర సెంటీమీటరు ఓపెనర్‌తో కాదు, వేళ్ళతో అటూ ఇటూ ఆడిస్తూ తీయండి. "టప్" మని మోగిస్తే గొప్ప అనుకునేవాళ్ళ చొక్కాల మీద ఎర్ర మరకలుంటాయి.

కార్క్ విరిగిందా, కంగారొద్దు. మిగిలిన ముక్కలోకి స్క్రూను ఏటవాలుగా దించి, గాజు వైపు నొక్కిపెడుతూ మెల్లగా లాగండి. రాకపోతే అప్పుడు లోపలికి నెట్టేసి జాలీలో వడగట్టుకోవచ్చు, కార్క్ పొట్టుతో ప్రమాదమేమీ లేదు. అది ఆఖరి దారి, మొదటిది కాదు. చెప్పులో సీసా పెట్టి గోడకు కొట్టే వీడియోలు చూసి ఎవరూ ప్రయత్నించకండి. గోడకు తగిలి పగిలేది గాజు సీసా.

బీరువా మీద ఏళ్ళ తరబడి నిలబెట్టిన సీసా సంగతి వేరు. మన వేసవి వేడికి లోపలి వైన్ వ్యాకోచించి కార్క్‌ను పైకి నెడుతుంది. నిలబెట్టి ఉంచడం వల్ల కార్క్ ఎండిపోయి పెళుసుబారుతుంది. అలాంటిదానికి స్క్రూ వాడితే పొడి అవుతుంది. రెండు సన్నటి రేకు కాళ్ళుండే ఓపెనర్ వేరే ఉంది. కార్క్‌కూ గాజుకూ మధ్య ఆ కాళ్ళను దించి తిప్పుతూ లాగాలి. పాత సీసాలు దాచుకునే అలవాటుంటే రెండో ఓపెనర్‌గా అది కొనండి.

నురుగు వచ్చే వైన్‌కు, అంటే షాంపేన్ లాంటివాటికి, ఏ ఓపెనర్ పెట్టకూడదు. షాంపేన్ సీసాలో దాదాపు ఆరు వాతావరణాల ఒత్తిడి ఉంటుంది. కారు టైరులో ఉండేదానికి రెండింతలకు మించి. బాగా చల్లార్చాక పైన గుడ్డ కప్పి, తీగ చట్రం పిన్నును ఆరుసార్లు తిప్పి వదులు చేయండి. అక్కడి నుంచి బొటనవేలు కార్క్ మీంచి తీయొద్దు. సీసాను మనుషుల వైపు కాకుండా ఏటవాలుగా పట్టుకుని, కార్క్‌ను కాదు, సీసాను తిప్పండి. కార్క్ నిట్టూర్చినట్టు వస్తే సరిగ్గా చేసినట్టే. పెళ్ళిరోజు ఫంక్షన్లలో ఊపి ఊపి కార్క్‌ను సీలింగ్‌కు కొట్టేవాళ్ళకు చెప్పేదేమీ లేదు, కళ్ళు జాగ్రత్త.

గ్లాసులు

నాలుగు చాలు, డజను వద్దు. 400 మిల్లీలీటర్ల చుట్టూ పట్టేవి, పొట్ట వెడల్పుగా ఉండి మూతి దగ్గర ముడుచుకునేవి, పల్చటి అంచువి. ఎరుపుకొకటి, తెలుపుకొకటి అని విడివిడిగా కొనక్కర్లేదు. రంగు గాజు, బంగారు అంచు, చెక్కిన పూలు వద్దు. కాడ ఉండాలి. కాడ లేని గ్లాసు మన వేసవిలో అరచేతి వేడికే వెచ్చబడుతుంది. 750 మిల్లీలీటర్ల సీసా ఐదు గ్లాసులకు వస్తుంది. ఒక్కో గ్లాసులో మూడో వంతుకు కొంచెం పైన పోస్తే సరిపోతుంది. అంచుదాకా పోయడం మర్యాద అనుకునే ఇళ్ళు మనవి, ఈ ఒక్కదానికి ఆ మర్యాద పక్కన పెట్టండి.

కడిగేటప్పుడు ఒక చేత్తో అడుగు పట్టుకుని ఇంకో చేత్తో పొట్ట తిప్పొద్దు, కాడ పుటుక్కున విరుగుతుంది. పొట్టనే పట్టుకుని కడగాలి. మన బోరు నీళ్ళతో కడిగిన గాజు ఆరాక తెల్లటి మరకలు పడతాయి. నల్గొండ పేరుకు తోడు ఆ మరకలను ఫ్లోరైడ్ ఖాతాలో వేస్తారు కానీ అది కాల్షియం, మెగ్నీషియం లవణాల పని, నీటి కాఠిన్యం. భగీరథ నీళ్ళతో ఆఖరిసారి కడిగి తడి మీదే నూలు గుడ్డతో తుడిస్తే మరకే ఉండదు. ఇప్పటికే పడ్డవాటికి కొంచెం వెనిగర్ కలిపిన నీళ్ళు చాలు.

చల్లార్చడం, దాచడం

రెడ్ వైన్‌ను గది వేడిలోనే తాగాలని ఎక్కడో చదివి మే నెలలో టేబుల్ మీద పెట్టుకుని తాగుతారు. ఆ మాట పుట్టింది చలి దేశాల్లో. రెడ్‌కు కావలసింది 15 నుంచి 18 డిగ్రీలు. ఎండలు 44 దాటే ఊళ్ళో గది వేడి అంటే సారా వాసన తప్ప ఇంకేమీ తెలియదు. రెడ్ అయినా ఫ్రిజ్‌లో పెట్టి చల్లబడ్డాకే తీయండి. వైట్‌ను ఇంకా చల్లగా. తొందరగా కావాలంటే ఇంట్లో ఉన్న స్టీలు బకెట్‌లో ఐసు, నీళ్ళు, గుప్పెడు ఉప్పు వేసి సీసా ముంచితే పావుగంటలో అవుతుంది. ఒట్టి ఐసు కన్నా ఐసు నీళ్ళే త్వరగా చల్లారుస్తాయి. ఐస్ బకెట్ వేరే కొనాల్సిన పని లేదు.

సీసాల ర్యాక్ అసలు కొనొద్దు. దాన్ని ఫ్రిజ్ పైన పెట్టే ఇళ్ళు చూశాను. ఇంట్లో అంత వేడి చోటు ఇంకోటి ఉండదు. ఉన్న రెండు సీసాలను ఫ్రిజ్ కింది అరలో పడుకోబెడితే చాలు.

మిగిలిన వైన్‌కు గాలి లాగేసే పంపు, రబ్బరు మూత కలిపి దొరుకుతాయి. పనికొస్తాయి. మూడు నాలుగు రోజులు ఆగుతుంది, అదీ ఫ్రిజ్‌లోనే. నురుగు వైన్‌కు ఆ పంపు వాడొద్దు, ఉన్న గ్యాస్ కూడా పోతుంది. దానికి మెడను కరిచి పట్టుకునే మూత వేరే. డికాంటర్ అందానికే. మడ్డి ఉన్న పాత రెడ్ వచ్చినప్పుడు గాజు జగ్గు సరిపోతుంది. సీసం కలిసిన క్రిస్టల్ డికాంటర్ ఎవరైనా ఇస్తే అందులో వైన్ రోజుల తరబడి నిలవ ఉంచకండి, సీసం వైన్‌లోకి దిగుతుంది.

బహుమతిగా ఇచ్చేటప్పుడు

ముందు ఆ ఇంట్లో తాగేవాళ్ళున్నారో లేదో తెలుసుకోండి. తెలంగాణలో 21 ఏళ్ళు నిండనివాళ్ళకు మద్యం అమ్మకూడదు కాబట్టి కాలేజీ పిల్లలకు ఇలాంటివి ఇవ్వడం బాగుండదు. గృహప్రవేశానికి తీసుకెళ్తే వ్రతం పీటల దగ్గర, పెద్దవాళ్ళ ముందు చేతికివ్వకండి. వాళ్ళ నాయనమ్మ అక్కడే విప్పమంటే మీరు ఏ మొహం పెట్టుకుంటారు? ఇంకో రోజు విడిగా ఇవ్వండి.

ఇవ్వాల్సింది ఒక మంచి ఓపెనర్, రెండు గ్లాసులు, ఒక నూలు గుడ్డ. గుడ్డ పోచంపల్లి ఇక్కత్‌దో నారాయణపేటదో అయితే చుట్టడానికీ పనికొస్తుంది, తర్వాత గ్లాసులు తుడవడానికీ పనికొస్తుంది. కొత్త నూలు గుడ్డ మొదటిసారి రంగు వదలొచ్చు, ఉతికి ఆరబెట్టి ఇవ్వండి. గ్లాసుల మీద పేర్లు చెక్కించొద్దు. ఒకటి పగిలితే రెండోది షోకేసుకే. పాత సీసాలు దాచుకునే మనిషని తెలిస్తే రెండు కాళ్ళ ఓపెనర్ ఇవ్వండి. చాలామంది దగ్గర ఉండదు, సంతోషపడతారు. పెట్టాల్సిన డబ్బు ఇంకా ఉంటే గ్లాసులు నాలుగు చేయండి, వస్తువులు పెంచకండి.

విదేశం వెళ్ళే పిల్లలకు ఇస్తుంటే ఒక మాట చెప్పి ఇవ్వండి. ఓపెనర్‌కు చిన్న కత్తి ఉంటుంది, స్క్రూ కొస కూడా సూదే. చేతి బ్యాగులో పెడితే ఎయిర్‌పోర్ట్ చెకింగ్‌లో తీసేసుకుంటారు. లగేజీలో వేసే సూట్‌కేసులో, మడిచి, సాక్సులో దూర్చి పెట్టుకోమనండి.