వయా ఫెరాటా మధ్యలో ఇబ్బంది వస్తే: లక్షణం, కారణం, పరిష్కారం

కొండ గోడ పొడవునా ఉక్కు కేబుల్ బిగించి, అవసరమైన చోట ఇనుప మెట్లు దిగ్గొట్టిన దారే వయా ఫెరాటా. ఇటాలియన్‌లో ఆ మాటకు ఇనుప దారి అని అర్థం. మొదటి ప్రపంచ యుద్ధంలో డోలమైట్స్ కొండల్లో సైనికుల రాకపోకల కోసం ఇలాంటివి చాలా వేశారు. ఆల్ప్స్‌లో ఎక్కువగా వాడే గ్రేడ్లలో ‘ఎ’ సులువు, ‘బి’, ‘సి’ మధ్యస్థం, ‘డి’ నుంచి బాగా కష్టం. ఇక్కడ చెప్పేదంతా ఆ మధ్యస్థం దారుల గురించే. అక్కడ ఇబ్బంది ఒక్కసారిగా మీద పడదు, ముందు చిన్న లక్షణంగా కనబడుతుంది. దాన్ని అప్పుడే పట్టుకోవాలి.

ముంజేతులు రాయిలా బిగుసుకున్నాయి, పట్టు జారుతోంది

అన్నిటికంటే ఎక్కువగా వచ్చేదీ, నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడేదీ ఇదే. చేతుల్లో బలం లేక ఇలా అవుతోందని చాలామంది అనుకుంటారు. అసలు కారణం కాళ్లను వాడకపోవడం. కేబుల్ కళ్లెదురుగా ఉంటుంది కాబట్టి దాన్ని పట్టుకుని ఒంటిని పైకి లాగేస్తాం. మోచేతులు మడిచే ఉంటాయి, చూపు చేతుల మీదే ఉంటుంది. భయంతో అవసరానికి రెండింతలు గట్టిగా బిగించి పట్టుకుంటాం.

వేళ్లు మొద్దుబారుతున్నట్టు అనిపించగానే ఆగిపోండి. విశ్రాంతి కోసం విడిగా ఉండే పొట్టి స్లింగ్‌ను (గట్టి పట్టీని) గట్టి మెట్టుకో, కేబుల్‌ను రాతికి బిగించిన యాంకర్‌కో తగిలించి, హార్నెస్‌లో, అంటే నడుముకూ తొడలకూ కట్టుకునే బెల్టులో, వెనక్కి వాలి కూర్చోండి. హార్నెస్‌ను కేబుల్‌కు కలిపే రెండు పాయల పట్టీయే లానియార్డ్; దాని కొసల్లోని రెండు కొక్కేలూ కేబుల్ మీదే ఉండాలి. ఒక్కో చేతినీ కిందికి వేలాడదీసి విదిలించండి. రెండు మూడు నిమిషాల్లో పట్టు తిరిగొస్తుంది. మళ్లీ కదిలే ముందు పొట్టి స్లింగ్ తీయడం మరిచిపోకండి.

ఆ తర్వాత ఎక్కే తీరు మార్చాలి. ముందు కాలు ఎక్కడ పెట్టాలో చూడండి, తర్వాతే చేయి జరపండి. మోచేతులు చాపి, నడుమును గోడకు దగ్గరగా ఉంచి, తొడల బలంతో పైకి లేవండి. చేతుల పని తూలకుండా ఆపడమే.

దీని గురించి ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే, ఇక్కడ పడడం తాడుతో ఎక్కేటప్పుడు పడడం లాంటిది కాదు. మీరు కింది యాంకర్‌కు 3 మీటర్ల పైన ఉన్నారనుకుందాం. పట్టు జారితే కొక్కేలు ఆ యాంకర్ దాకా జారిపోతాయి. లానియార్డ్ పొడవు దాదాపు 1 మీటర్ కాబట్టి, అది బిగిసేసరికి మీరు 4 మీటర్లు పడిపోయి ఉంటారు. ఆ కుదుపును లానియార్డ్‌కు ఉండే షాక్ అబ్సార్బర్ తన కుట్లు తెంచుకుంటూ మింగి ప్రాణం కాపాడుతుంది. కానీ పడే దారిలో ఉన్న ఇనుప మెట్లు, రాతి అంచులు ఎముకలు విరగ్గొడతాయి. అందుకే ఈ దారిలో పడకూడదనే లెక్కతోనే ఎక్కాలి.

కాలు దానంతట అదే గడగడా వణుకుతోంది

మునివేళ్ల మీద నిలబడి మడమ పైకెత్తితే పిక్క మీద భారం పడుతుంది. మడమ దించండి. మెట్టు మీద బూటు నడిమి భాగం ఆనించి, రెండో కాలి మీదికి బరువు మార్చండి. అక్కడితో తగ్గిపోతుంది.

లానియార్డ్ కిందికి లాగుతోంది, కొక్కెం మార్చడం కుదరడం లేదు

కొక్కెం కింద యాంకర్ దగ్గరో, వదులైన కేబుల్ వంపులోనో చిక్కుకుని ఉంటుంది. బలంగా లాగితే తూలిపోతారు. ఒక మెట్టు దిగి, చేత్తో విడిపించండి. ఇకమీదట కేబుల్‌కూ మీకూ మధ్య ముంజేయి ఉంచి, దాంతోనే కొక్కేలను పైకి తోసుకుంటూ వెళ్లండి.

రెండు పట్టీలూ మెలిపడితే యాంకర్ దగ్గర స్థిరంగా నిలబడి సరిచేసుకోవాలి. అప్పుడైనా ఒక్కో కొక్కెమే తీయాలి. మొదటిది యాంకర్ దాటించి తగిలించాక, అది టక్కుమని మూసుకున్న చప్పుడు విని, ఆ తర్వాతే రెండోది. తొందరలో రెండూ ఒకేసారి తీసేవాళ్లను చూశాను, ఆ క్షణం వాళ్లను పట్టుకుని ఉంచేది వాళ్ల వేళ్లు మాత్రమే.

సెట్ మీద నమ్మకం కుదరడం లేదు

లానియార్డ్, కొక్కేలు, అబ్సార్బర్ కలిసినదే సెట్. ఈ అనుమానం కింద ఉండగానే తీర్చుకోవాలి. లేబుల్ మీద ఈఎన్ 958 అనే యూరప్ భద్రతా ప్రమాణం ఉందా చూడండి. 2017లో సవరించిన ఆ ప్రమాణం 40 నుంచి 120 కిలోల బరువును దృష్టిలో పెట్టుకుని రాసింది. 40 కిలోల లోపు పిల్లలకు సెట్ ఒక్కటే చాలదు, అనుభవం ఉన్నవాళ్లు పైనుంచి తాడుతో కాపాడుతూ తీసుకెళ్లాలి. 2012, 2013లో చాలా రకాల సెట్లను తయారీదారులే వెనక్కి పిలిపించారు. ఎవరో ఇచ్చిన పాత సెట్ అయితే మోడల్ పేరు సరిచూడకుండా తొడగొద్దు. అబ్సార్బర్ కుట్లు కొంచెం తెగి ఉన్నా, ఒకసారి పడడాన్ని ఆపినా, ఆ సెట్ పని అయిపోయినట్టే. మామూలు స్లింగులతో సొంతంగా చేసుకున్న లానియార్డ్ అయితే అసలే వద్దు, అందులో కుదుపును మింగేదేమీ ఉండదు.

ఇంకో చిన్న తప్పు ఉంది. ఖాళీగా ఉన్న కొక్కేన్ని హార్నెస్ నడుము లూప్‌కు తగిలిస్తే, పడ్డప్పుడు భారం అబ్సార్బర్ మీదికి వెళ్లకుండా నేరుగా ఒంటి మీదికి వస్తుంది. రెండూ కేబుల్ మీదే ఉండనివ్వండి.

పైన మనిషి ఆగిపోయాడు, వెనక జనం తోసుకొస్తున్నారు

రెండు యాంకర్ల మధ్య ఒక్కరే ఉండాలి. పైవాళ్లు పడితే నేరుగా మీ మీదే పడతారు. వెనకవాళ్లకు ఆ మాట స్పష్టంగా చెప్పండి, మొహమాటపడొద్దు.

దూరంగా ఉరుము వినిపించింది

ఉక్కు కేబుల్ విద్యుత్తును తీసుకొస్తుంది. వేసవి కొండల్లో మధ్యాహ్నం పిడుగుల వాన మామూలే. ఆలస్యంగా బయలుదేరడమే సాధారణంగా అసలు కారణం. దగ్గర్లో బయటికి తీసే దారి ఉంటే శిఖరం మీద ఆశ వదిలి వెంటనే దిగిపోండి, శిఖరాంచుకూ కేబుల్‌కూ దూరంగా వెళ్లండి. ఆ దారులు ఎక్కడున్నాయో పొద్దున్నే మ్యాప్‌లో చూసుకుని ఉండాలి.

భయంతో కాలు కదలడం లేదు

పొట్టి స్లింగ్ తగిలించుకుని కూర్చోండి. నీళ్లు తాగి ఏమైనా తినండి, ఆకలి టెన్షన్‌ను పెంచుతుంది. తోడుగా ఉన్నవాళ్లు “ఏం కాదులే” అనేకంటే “కుడికాలు ఆ మెట్టు మీద పెట్టు” అంటే ఎక్కువ పనికొస్తుంది. వెనక్కి దిగడం ఎక్కడం కంటే కష్టం కావచ్చు, కాబట్టి మిగిలింది ఎంతో చూసి నిర్ణయించుకోండి.

పది, పదిహేను నిమిషాలైనా కుదరకపోతే సహాయం పిలవండి. యూరప్‌లో నంబర్ 112. సిగ్నల్ లేకపోతే నిమిషానికి ఆరుసార్లు ఈలో టార్చో వాడి, ఒక నిమిషం ఆగి, మళ్లీ మొదలుపెట్టండి. నిమిషానికి మూడుసార్లు జవాబు వస్తే మీ పిలుపు అందినట్టు. అప్పటిదాకా కొక్కేలు కేబుల్ మీదే ఉంచి, వెచ్చని జాకెట్ వేసుకుని, హార్నెస్‌లో వేలాడుతున్న కాళ్లను కదుపుతూ ఉండండి.