షుగరు ఉన్నవారి కంటి కాపలా – 4వ పాఠం: నొప్పి తెలియని నలుసు

పోయిన పాఠంలో కంటి వెనక ఉండే రెటీనాను చూశాం. షుగరు అనగానే అందరూ దాని గురించే మాట్లాడతారు, కంటి ముందుండే కార్నియా ఊసెత్తేవారు తక్కువ. ఈ వారం పాఠమంతా దాని మీదే.

నల్లగుడ్డు మీద గడియారపు అద్దంలా అమరిన పారదర్శక పొర కార్నియా. మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. ఇందులో రక్తనాళాలు ఉండవు. నరాలు మాత్రం చర్మంలో కంటే కొన్ని వందల రెట్లు ఒత్తుగా ఉంటాయి. ఇసుక రేణువు పడగానే మనిషి విలవిల్లాడేది అందుకే.

ఏళ్ల తరబడి ఉన్న షుగరు అరికాళ్లను మొద్దుబార్చినట్టే ఈ నరాలనూ పలచబరుస్తుంది. స్పర్శ తగ్గితే రెప్ప కొట్టడం తగ్గుతుంది, కన్నీరూ తగ్గుతుంది. పైగా కార్నియా పైపొర తన పునాదికి గట్టిగా అంటుకోదు. పాత గోడకు సున్నం పెచ్చు లేచినట్టు చిన్న రాపిడికే లేచిపోతుంది. ఒకటి రెండు రోజుల్లో మానవలసిన గీత వారాలు పట్టవచ్చు.

అనంతపురం పల్లెల్లో బుడ్డలు – వేరుశనగకు మా వాడుక మాట – యంత్రంలో రాల్చే రోజుల్లో దుమ్ము మబ్బులా లేస్తుంది. ఒక ఏడు మా నాన్న కన్ను ఎర్రబడింది. ఆయనకు షుగరు వచ్చి ఇరవై ఏళ్లు. అడిగితే "నొప్పి లేదురా, ఎరుపే కదా" అన్నాడు. ఆ మాట నమ్మి మూడు రోజులు ఊరుకున్నాను. నొప్పి లేకపోవడమే జబ్బు అని నాకు అప్పుడు తెలియదు. ఆకుల, కాయల తునకలు గుచ్చుకున్న కంట్లో బూజు (ఫంగస్) పుండు పట్టే ప్రమాదం కూడా ఉంది.

అందుకే నొప్పిని అడగకుండా చూసి పట్టుకోవడం నేర్చుకుందాం. పగటిపూట మనిషిని ఊచల కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టి, మీరు కాస్త పక్కగా నిలబడండి. నల్లగుడ్డు మీద కిటికీ బొమ్మ బొటనవేలి గోరుకంటే చిన్నగా కనిపిస్తుంది. ఊచలు తేటగా, తళతళలాడుతూ ఉంటే పైపొర నున్నగా ఉన్నట్టు. ఒకచోట ఊచ తెగినట్టో చెరిగినట్టో ఉన్నా, తెల్లని మచ్చ కనిపించినా ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. బొమ్మ బాగున్నా సరే, ఎరుపో మసకో ఉంటే వెళ్లవలసిందే. డాక్టరు పసుపు రంగు మందు వేసి నీలికాంతిలో చూస్తే, పొర లేచిన చోటు ఆకుపచ్చగా మెరుస్తుంది. దూది పోగుతో స్పర్శ చూడటం కూడా ఆయన పనే. ఇంట్లో ప్రయత్నించవద్దు.

పైట చెంగు ఉండచేసి ఆవిరి ఊది అద్దడం, చనుబాలు, ఆకు పసరు – ఏదీ వద్దు. ఇంట్లో మిగిలిపోయిన స్టెరాయిడ్ చుక్కలు అసలే వద్దు, బూజుకు అవి ఎరువు. నలుసు పడితే శుభ్రమైన నీటితో కడగండి, నలపకండి.

అభ్యాసం: ముందు షుగరు లేని ఇద్దరి కళ్లలో కిటికీ బొమ్మ చూసి కన్ను అలవాటు చేసుకోండి. తర్వాత మీ ఇంట్లో షుగరు ఉన్నవారి రెండు కళ్లూ చూసి, తేదీ వేసి రాసుకోండి. ఆ కాగితం దాచండి, 5వ పాఠంలో చుక్కల మందు వేసే పద్ధతి చెప్పేటప్పుడు దానితో పని ఉంటుంది.