విశాఖకి కొత్తగా వచ్చిన యవ్వనస్థులు చర్చి సంఘంలో ఎలా కుదురుకోవాలి

పార్వతీపురం నుంచి డిగ్రీకని విశాఖ వచ్చినప్పుడు మా అమ్మ నా ట్రంకుపెట్టెలో అడుగున బైబిలు, దాని మీద చింతకాయ పచ్చడి సీసా పెట్టింది. నెల తిరిగేసరికి పచ్చడి అయిపోయింది. బైబిలు పెట్టిన చోటే ఉంది. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నాకు భక్తి బాగానే ఉందనుకునేదాన్ని. ఆదివారం గుడికి వెళ్ళకపోతే నాన్న ఊరుకోరు, అదీ సంగతి. మద్దిలపాలెం హాస్టల్లో అలా ఊరుకోని మనిషి ఎవరూ లేరు.

ఇప్పుడు కంచరపాలెం వైపు ఒక చిన్న సంఘంలో పదకొండేళ్ళుగా సండే స్కూలు చెబుతున్నాను. ఏటా కాలేజీలు తెరిచే రోజుల్లో శ్రీకాకుళం నుంచీ, పాడేరు నుంచీ కొత్త పిల్లలు వస్తారు. "అక్కా, ఏ చర్చికి వెళ్ళమంటారు?" అని అడుగుతారు. వాళ్ళకి చెప్పేదే ఇక్కడా రాస్తున్నాను.

ముందు దూరం చూసుకోండి. పాటలు బాగున్నాయనో, పెద్ద స్క్రీన్ ఉందనో రెండు బస్సులు మారి వెళ్ళే చర్చి పరీక్షల నెల రాగానే ఆగిపోతుంది. నడిచి వెళ్ళగలిగేది, లేదా ఒక్క ఆటోతో అయిపోయేది మేలు. వరసగా నాలుగు ఆదివారాలు ఒకే చోటికి వెళ్ళండి. ఒక్క ఆదివారంతో తేల్చేయొద్దు, పాపం ఆ రోజు పాస్టరు అయ్యగారికి జలుబు చేసి ఉండొచ్చు. ఆ నాలుగింటిలో ఒకటి రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారపు ఆదివారం అయితే ఇంకా మంచిది. మామూలు వారాల్లో కనబడని ముసలివాళ్ళు కూడా ఆ రోజు వస్తారు.

ఆ తర్వాత ఒకటే చూడండి: ఒక వారం మీరు వెళ్ళకపోతే ఎవరికైనా తెలుస్తుందా? నేను మొదట చేరిన పెద్ద చర్చికి ఎనిమిది నెలలు వెళ్ళాను. జ్వరమొచ్చి మూడు వారాలు పోలేదు. ఎవరూ గమనించలేదు. చాలా ఏడ్చాను, కోపం కూడా వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, తప్పంతా వాళ్ళదే అనలేను. చివరి "ఆమెన్" వినబడగానే చెప్పులు వెతుక్కునేదాన్ని నేనే.

అందుకని ఆరాధన అయ్యాక ఇరవై నిమిషాలు ఆగండి. ఊరికే నిలబడితే ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి ఏదైనా పని అడగండి. పాటల టీములో చేరతామని మాత్రం మొదటే అడగొద్దు, అక్కడ ఎప్పుడూ పోటీనే. చాపలు చుట్టే దగ్గర పోటీ ఉండదు. పెద్ద చాప చుట్టాలంటే రెండో కొస పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. ఆ రెండో కొస పట్టుకున్న ఆంటీయే నన్ను మొదటిసారి "ఏ ఊరమ్మా మీది?" అని అడిగింది. ఆవిడే నన్నొక మామ్మ ఇంటికి తీసుకెళ్ళింది.

మామ్మ భర్త పోర్టులో కళాసీగా చేసి పోయారు. ఆవిడ కళ్ళకి శుక్లాలు. గురువారం సాయంత్రం గంటసేపు వాక్యం చదివి పెట్టడం నా పని. చదివి లేచిపోదామంటే కుదరదు. "ఇందులో నీకేటి తగిలిందే?" అని అడిగేది. మొదట్లో అయ్యగారు ప్రసంగంలో చెప్పిన ముక్కలే అప్పజెప్పేదాన్ని. "అది అయ్యగారిది. నీదేటి?" అనేది.

ఒకరోజు మార్కు సువార్త నాలుగో అధ్యాయం చదువుతున్నాను. తుపాను, దోనె, యేసు తలగడ మీద నిద్రపోవడం. మామ్మ చెయ్యెత్తి ఆపింది. "ఆ తలగడ దోనెలోకి ఎవరు తెచ్చారే?" నాకు నవ్వొచ్చింది. రాయలేదు మామ్మా అన్నాను. "ఎవుడో తెచ్చుంటాడు కదా. పేరు రాయలేదు, అంతే." ఆ రాత్రి హాస్టల్ మేడ మీద కూర్చుని అదే అధ్యాయం మూడుసార్లు చదివాను. ఎవరూ చదవమనకుండా నేను బైబిలు తెరవడం అదే మొదలు.

మీకూ ఇలాంటి మనిషి ఒకరు కావాలి, మీకన్నా కనీసం ఇరవై ఏళ్ళు పెద్దవాళ్ళు. సందేహాలు వాళ్ళ దగ్గర తీర్చుకోండి. నేను యవ్వనస్థుల కూడికలో అందరి మధ్యా ఒక ప్రశ్న వేస్తే, ఒక పెద్దాయన "అలాంటివి అడగకూడదు" అని కూర్చోబెట్టేశారు. ఆ టెన్షన్‌తో ఆరు నెలలు నోరు విప్పలేదు. అడగడం అవిశ్వాసం కాదని మా పిల్లలకి ఈ ఊరి కథే చెబుతాను. 1805లో లండన్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ తరఫున జార్జి క్రాన్, ఆగస్టస్ డిగ్రాంజెస్ విశాఖ వచ్చారు. తెలుగు నేర్చుకుంటూ, ఆనందరాయర్ అనే తెలుగు తెలిసినాయన సాయంతో సువార్తలు తెలుగులోకి తెచ్చే పని పెట్టుకున్నారు. ఈ మాటకి అర్థమేంటి, ఇలా అంటే సరేనా అని ఎన్నిసార్లు అడిగి ఉంటారో ఊహించండి. క్రాన్ 1809లో, డిగ్రాంజెస్ 1810లో పోయారు. ఆ సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. ఇద్దరిలో ఒక్కరూ ఆ అచ్చు కాగితం చూడలేదు.

డిసెంబరులో క్యారల్స్‌కి తప్పకుండా వెళ్ళండి. ఏడాదిలో కలవని ఇళ్ళన్నీ రెండు రాత్రుల్లో కలుస్తాయి. ఎవరింట్లో మంచం మీద మనిషి ఉన్నాడో, ఎవరి అబ్బాయికి ఉద్యోగం పోయిందో ప్రార్థన చేసేటప్పుడు తెలుస్తుంది. కోత పండుగకి అందరూ తెచ్చిన కానుకల్ని వేలం వేసేటప్పుడు చెయ్యెత్తేముందు మాత్రం పర్సు చూసుకోండి. ఒకసారి నేను ఒక్క సొరకాయ నూట యాభైకి పాడాను.

జాగ్రత్తలూ ఉన్నాయి. కానుక మీకొచ్చే డబ్బుల్లోంచి మీ చేతనైనంత వెయ్యండి. పేరు చదువుతారని అప్పు చేయొద్దు. చర్చిలో పరిచయమైనవాళ్ళు చీటీ కట్టమన్నా, అప్పడిగినా ఇంట్లో చెప్పండి. ఎంత భక్తిగలవాడైనా సరే, ఒంటరిగా ప్రార్థన చేద్దాం రమ్మంటే వెళ్ళొద్దు, ఆ రోజే పాస్టరమ్మగారికి చెప్పండి. ఆవిడ కొట్టిపారేస్తే ఆ సంఘం మానేయండి. అమ్మానాన్నలకీ చెప్పండి.

ఫోన్లో ప్రసంగాలు వినడం తప్పేం కాదు, జ్వరమొచ్చిన రోజు నేనూ వింటాను. కాకపోతే ఫోను మిమ్మల్ని "నీదేటి?" అని అడగదు. ఆదివారం విన్నదాంట్లో ఒక్క మాట నోటుబుక్కులో రాసుకుని, బుధవారం మళ్ళీ తీసి చూడండి. ఇంకా గుర్తుంటే అక్కడి నుంచి ప్రార్థన మొదలుపెట్టండి. గుర్తులేకపోతే అధ్యాయం మళ్ళీ చదవండి, పది నిమిషాలు చాలు.

మా సంఘానికే వస్తే, చాపలు వెనక గదిలో ఉంటాయి. గొళ్ళెం కాస్త పైకెత్తి లాగాలి.